వేలు మిషను మీద, కన్ను చీటీ మీద

ఈరోజు మాట సెల్‌ఫోను గురించి.

సూళ్లూరుపేటకు తూర్పున పులికాట్ సరస్సు ఉంది. అది దాటితే శ్రీహరికోట. 1971 నుంచి అక్కడ రాకెట్లు లేస్తున్నాయి. 2016 సెప్టెంబరు 8న లేచిన రాకెట్టు ఇన్సాట్-3డీఆర్ అనే ఉపగ్రహాన్ని పైకి తీసుకుపోయింది. అది ఆకాశం నుంచి మబ్బుల్ని ఫొటోలు తీసి పంపుతుంది. వాటిని చూసి తుపాను కబురు ముందే చెప్తారు. ఆ కబురు జాలరి చేతిలోని ఫోనుకే వస్తుంది. వేటకు పోయేవాళ్లు ఆగిపోతారు. ప్రాణాలు దక్కుతాయి. ఇది గొప్ప మేలు.

మరి చిక్కెక్కడ? మనిషి చేసుకోవాల్సిన పని కూడా ఫోనుకే అప్పజెప్పడంలో ఉంది.

వాడని కొడవలి తుప్పు పడుతుంది. చదువూ అంతే. ఫోనులో మాట చెప్తే చాలు, అవతలివాళ్లకు పోతుంది. రాసే పని లేదు. కూడికలు ఫోనే వేస్తుంది. లెక్క కట్టే పని లేదు. ఈరోజుకు సుఖమే. కానీ ఏండ్లు గడిచే కొద్దీ నేర్చిన అక్షరం చేయి జారిపోతుంది.

ఆ అక్షరం ఊరికే రాలేదు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. సూళ్లూరుపేట అప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టారు. వేలిముద్ర మాని సంతకం పెట్టారు. దూబగుంట ఆడవాళ్లు చదువుకుంటూ సారా గురించి మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా అంగడి మూయించారు. 1992లో ఆ పోరు జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చదువుకు అంత బలం ఉంది.

ఇప్పుడు మళ్లీ వేలిముద్ర వచ్చింది. రేషను కావాలన్నా మిషను మీద వేలు పెట్టాలి. ఆధార్‌తో బ్యాంకు డబ్బు తీయాలన్నా వేలు పెట్టాలి. వలలు లాగి, అంట్లు తోమి గీతలు అరిగిన వేలిని మిషను ఒక్కోసారి గుర్తుపట్టదు. అప్పుడు "ఏందమ్మా, మళ్లీ పెట్టు" అంటారు. రెండోసారి పెట్టే ముందు మొదటిసారి డబ్బు పోయిందేమో అడగండి. చీటీ ఇప్పించుకోండి. ఎంత రాశారో, ఎంత చేతికిచ్చారో సరిచూడండి. వేలు మిషను మీద పెట్టినా కన్ను చీటీ మీద ఉండాలి.

ఫోనుకు నంబరు వస్తే "చూసి చెప్పబ్బయ్యా" అని ఎవరికంటే వాళ్లకు ఇవ్వొద్దు. ఆ ఓటీపీ ఇంటి తాళంచెవి లాంటిది. డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టే పని లేదు. కొట్టమన్నారంటే అది మోసం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

ఇంకో పని కూడా ఫోనుకు అప్పజెప్తున్నారు. అది బిడ్డను ఆడించడం. బిడ్డ అన్నం తినాలంటే ఫోను, ఏడుపు మానాలంటే ఫోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక మాట చెప్పింది. రెండేళ్లలోపు బిడ్డకు టీవీ, ఫోను అసలే చూపొద్దు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట దాటొద్దు. బిడ్డకు మాటలు వచ్చేది తల్లితో మాట్లాడితేనే. కథ చెప్పండి, పాట పాడండి.

ఫోను పారేయమని ఎవరూ చెప్పరు. రోజూ ఈ నాలుగు పనులు చేయండి. వచ్చిన కబురు ముందు మీరే చదవండి. తెలియకపోతే తర్వాత అడగండి. పొదుపు సంఘం లెక్క ముందు కాగితం మీద వేయండి. తర్వాత ఫోనులో సరిచూడండి. కావాల్సిన నంబర్లు గోడ మీద రాసిపెట్టండి. గాలివానకు కరెంటు పోతే ఫోను ఆరిపోతుంది, గోడ మీద రాత ఉంటుంది. పడుకునేటప్పుడు ఫోను దూరంగా పెట్టండి. కంటినిండా నిద్రపోండి.

ఫోను పాతబడితే కొత్తది కొనుక్కోవచ్చు. మరిచిన చదువు అంగట్లో దొరకదు.