ధర కట్టేదెవరు, మోసేదెవరు?

(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



టీచరు మైకు ముందుకొస్తే చదువు గురించే మాట్లాడతారని మీ అందరికీ తెలుసు. ఈసారి ధర గురించి మాట్లాడతాను. మీరిచ్చిన విరాళాలతో మన సంస్థ నోటు పుస్తకాలు కొంటుంది, మందులు కొంటుంది, రంజాన్‌లో రేషన్ కిట్లు కొంటుంది. అమ్మేవాళ్లు లోపాయికారీగా ఒక్కటై రేటు పెంచారనుకోండి. మీ వంద రూపాయలు పేదవాడి ఇంటికి చేరేసరికి ఎనభై అవుతాయి. మిగతా ఇరవై ఎటు పోయాయో ఏ రసీదులోనూ కనపడదు. అందుకే ఈ మాట దాతలున్న సభలోనే చెప్పాలనిపించింది.

మన కొల్లూరు ప్రాంతంలో వరి, పసుపు, అరటి, కంద. అదే గుంటూరు దాటి పల్నాడు మెరక భూముల్లోకి వెళ్తే పత్తి. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. కాయతొలుచు పురుగును తట్టుకుంటుందని రైతులు ఎగబడి కొన్నారు. అయితే 450 గ్రాముల విత్తన ప్యాకెట్ 1,850 రూపాయల దాకా పలికింది. అందులో 1,250 రూపాయలు విత్తనానికి కాదు, అందులోని జన్యువుకు మహికో మోన్‌శాంటో కంపెనీ తీసుకునే రాయల్టీ. విత్తనాల కంపెనీలు చాలా ఉన్నా, ఆ టెక్నాలజీ కోసం అందరూ పోవలసిన గడప ఒక్కటే.

2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక పని చేసింది. అప్పటి వ్యవసాయ మంత్రి ఎన్.రఘువీరారెడ్డి. ఆ ప్రభుత్వమే ఫిర్యాదుదారుగా ఢిల్లీలోని ఎంఆర్‌టీపీ కమిషన్ తలుపు తట్టింది. గుత్తాధిపత్యాన్ని అదుపు చేయడానికి 1969లో చేసిన చట్టం కింద పనిచేసే కమిషన్ అది. రాయల్టీని న్యాయమైన స్థాయికి తగ్గించాలని ఆ ఏడాది మే 11న కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ వెంటనే మన రాష్ట్రం ప్యాకెట్ ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది. మరికొన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. 2007లో పత్తి విత్తనాల ధరలపై రాష్ట్రం ప్రత్యేక చట్టమే చేసుకుంది. ఒక్క ఫిర్యాదుతో ప్యాకెట్‌కు వెయ్యి రూపాయలకు పైగా తగ్గింది. ఎకరం కౌలు చేసుకునేవాడికి అదెంత సొమ్మో ఈ సభలో వేరే చెప్పాలా?

ఆ పాత చట్టం స్థానంలో 2002 నాటి కాంపిటీషన్ చట్టం వచ్చింది. కాంపిటీషన్ కమిషన్ 2009 మే నుంచి దాన్ని అమలు చేస్తోంది. దాన్ని కూడా సీసీఐ అనే అంటారు. పత్తి కొనే సీసీఐ అనుకునేరు, అది వేరు, ఇది వేరు.

పత్తి రాయల్టీ వివాదం ఈ కొత్త కమిషన్ ముందుకూ వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్ వంటి కంపెనీలు, కేంద్ర వ్యవసాయ శాఖ ఈ విషయాన్ని లేవనెత్తాయి. 2016లో కమిషన్ విచారణకు ఆదేశించింది. మోన్‌శాంటో కోర్టుకు వెళ్లింది. పేటెంట్ హక్కు దుర్వినియోగమైతే పేటెంట్ చట్టంలోనే దారి ఉంది కాబట్టి, అక్కడ కాంపిటీషన్ కమిషన్‌కు పని లేదని 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. దీని మీద రెండు వాదనలున్నాయి. పరిశోధనకు కోట్లు పోసినవాడికి ప్రతిఫలం దక్కకపోతే రేపు కొత్త విత్తనం ఎవరు తెస్తారని ఒకరంటారు. ఆ పేరుతో ఎంత రేటైనా వేస్తుంటే రైతు ఎవరికి చెప్పుకోవాలని ఇంకొకరంటారు. రెండింటిలోనూ నిజముంది. కానీ రెండో ప్రశ్న అడిగేవాడి వెనక లాయర్ల దండు ఉండదు.

ఇక రెండో కేసు. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు మీలో చాలామందికి తెలుసు. భారత ఆహార సంస్థ 2009లో వాటికి టెండర్ పిలిస్తే, మూడు కంపెనీలు కిలో 388 రూపాయలని రూపాయి తేడా లేకుండా కోట్ చేశాయి. క్లాసులో ముగ్గురు పిల్లలు ఒకే లెక్కకు ఒకే జవాబు రాస్తే సంతోషిస్తాం. మూడు వేర్వేరు ఫ్యాక్టరీల ఖర్చులు, లాభాలు ఒకే అంకెకు రావడం మాత్రం వింతే. ఇది కుమ్మక్కేనని 2012లో కమిషన్ తేల్చింది. పెద్ద కంపెనీకి 252 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. అప్పీలులో అది 7 కోట్ల లోపుకు దిగింది. కుమ్మక్కయిన సరుకు అమ్మకాల మీదే జరిమానా లెక్కించాలని 2017లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2023 సవరణతో చట్టం మళ్లీ మారింది. ఇప్పుడు కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవర్‌ను లెక్కలోకి తీసుకుని పది శాతం దాకా వేయవచ్చు. అది మరీ ఎక్కువని కంపెనీలంటున్నాయి. జరిమానా లాభం కంటే తక్కువైతే దాన్ని ఖర్చుల పద్దులో రాసుకుని ముందుకు పోతారని నేనంటాను.

ఇవి మన దీన్‌కు కొత్త విషయాలు కావు. సరుకు దాచిపెట్టి ధర పెరిగాక అమ్మడాన్ని, అంటే ఇహ్తికార్‌ను, ప్రవక్త ముహమ్మద్ (స) నిషేధించారు. బజారు ధర తెలియని బిడారు ఊరు చేరకముందే ఎదురెళ్లి సరుకు కొనడాన్ని వద్దన్నారు. కొనే ఉద్దేశం లేకుండా పాట పెంచడాన్నీ వద్దన్నారు. దుగ్గిరాల యార్డుకు పసుపు తోలే రైతుకు ఈ మూడు కట్టుబాట్లు ఎందుకో వివరించక్కర్లేదు. అదే సమయంలో, ధరలు వాటంతటవే పెరిగినప్పుడు ధర కట్టమని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. తర్వాతి కాలపు పండితుడు ఇబ్న్ తైమియా దీన్ని వివరిస్తూ, అమ్మకందారులు కూడబలుక్కుని ధర పెంచితే మాత్రం పాలకుడు జోక్యం చేసుకోవచ్చన్నారు. వ్యాపారికి స్వేచ్ఛ ఉంది, కుట్రకు స్వేచ్ఛ లేదు.

మరి మనమేం చేయాలి? మనలో చాలామంది వ్యాపారులే కాబట్టి మొదటి మాట మనకే. సాయంత్రం టీ తాగుతూ నలుగురు షాపుల వాళ్లం "రేపటి నుంచి ఇంతకు తగ్గి అమ్మొద్దు" అనుకుంటే, కాగితం మీద ఒక్క అక్షరం లేకపోయినా చట్టం దాన్ని ఒప్పందంగానే చూస్తుంది. ఒకపక్క అలా పెంచిన లాభం తీసుకుని, మరోపక్క అందులోంచి సదఖా ఇస్తే, ఆ సదఖా ఎవరి సొమ్ము? ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

రెండోది, మన సంస్థ కొనుగోళ్లు. మూడు కొటేషన్లు ఒకే చేతిరాతతో రావడం లోకంలో చూస్తూనే ఉన్నాం. మనం తెనాలి, గుంటూరు, విజయవాడ నుంచి విడివిడిగా సీలు కవర్లలో తెప్పించుకుందాం. కమిటీ ఎదుట విప్పుదాం. ఏ సరుకు ఎంతకు కొన్నామో వచ్చే ఏడాది సంచికలో అచ్చు వేద్దాం. దాత లెక్క అడిగితే అవమానమనుకోవద్దు. అది దాత హక్కు.

మూడోది, మాట్లాడటం. కాంపిటీషన్ కమిషన్‌కు వ్యక్తి అయినా, సంఘమైనా సమాచారం ఇవ్వవచ్చు. 2006లో ఎవరో ఒకరు తలుపు తట్టబట్టే విత్తనం ధర దిగింది.

పేదవాడికి సాయం చేయడం పుణ్యం. వాడి జేబు కొట్టే ధరను ఆపగలిగితే వాడికి మన సాయంతో పనే తగ్గుతుంది. ఆ రోజు కోసమే కదా ఈ సంస్థ పెట్టుకున్నాం. అల్లాహ్ మన సంపాదనను హలాల్‌గా ఉంచుగాక. ఆమీన్.