పెళ్ళి డ్రోనుకు అనుమతి

సొంతూరి ఫొటోగ్రాఫరును పిలిపించుకొని బెంగళూరులో పెళ్ళి జరిపించే తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడ మామిడితోపు మీద అడ్డులేక ఎగిరిన డ్రోను మారతహళ్ళి మండపం మీద అలా ఎగరరాదు. పక్కనే హెచ్‌ఏఎల్ విమానాశ్రయం ఉన్నది. జక్కూరు, యలహంక, దేవనహళ్ళి వైపులా ఇదే చిక్కు.

2021 నాటి డ్రోన్ నియమావళిని అనుసరించి డిజిటల్ స్కై పటం ఆకాశాన్ని మూడు రంగులుగా విభజించినది. ఆకుపచ్చలో 400 అడుగుల వరకు, విమానాశ్రయ ప్రహరీకి 8 నుండి 12 కిలోమీటర్ల నడుమ 200 అడుగుల వరకు అనుమతి అక్కరలేదు. పసుపు మనకు శుభసూచకం. ఈ పటంలో మాత్రం విమాన రాకపోకల నియంత్రణాధికారి సరేననే దాకా ఆగవలెనని అర్థం. ఎరుపులోనైతే కేంద్ర ప్రభుత్వమే అనుమతించాలి. అపార్ట్‌మెంట్ సంఘం ఇచ్చే లేఖ వీటికి బదులు కాదు.

డబ్బు పుచ్చుకొని చిత్రించేవారికి మరొక మాట. 2 కిలోల లోపు డ్రోనును సరదాకు ఎగురవేసేవారికి పైలట్ ధ్రువపత్రం అక్కరలేదు. ఆ మినహాయింపు మీకు లేదు. 250 గ్రాములు దాటిన నాటినుండే ధ్రువపత్రం, బీమా రెండూ తప్పనిసరి. ఉల్లంఘనకు జరిమానా లక్ష రూపాయల వరకు ఉండవచ్చు. పెళ్ళివారు ఎంత తొందరపెట్టినా, బయానా తీసుకొనక మునుపే మండపం చిరునామాను పటంలో చూసుకొనండి.