బ్యాంకులో వేసిన సొమ్ము ఎక్కడికి పోతుంది?



అనకాపల్లి బెల్లం మార్కెట్టు మీలో చాలామంది ఎరిగినదే. గానుగాడించి, పాకం దించి, దిమ్మలు పోసి అక్కడికి చేర్చిన రైతును వెనకటి రోజుల్లో "సొమ్ము ఏదయ్యా?" అని అడిగితే మొలలోని మూట తడిమి చూపేవాడు. ఇప్పుడు "ఖాతాలో పడింది" అంటున్నాడు. పడింది సరే, ఆ సొమ్ము ఎక్కడుంది? బ్యాంకు ఇనప్పెట్టెలో మీ పేరు రాసిన మూట ఏమన్నా ఉన్నదా?

లేదండి. ఉన్నది ఒక పద్దు మాత్రమే. ఫలానా ఆసామీకి మేము ఇంత ఇవ్వాలి అని బ్యాంకు రాసుకున్న బాకీ అది. బ్యాంకు మెట్లెక్కితే మనం చేతులు కట్టుకుని నిలబడతాం గాని, సొమ్ము నిల్వ వేసిన రోజున షావుకారు మీరు, అప్పుపడినది బ్యాంకు. ఈ ఒక్క ముక్క మనసులో ఉంచుకుంటే తక్కినదంతా తేలిగ్గా బోధపడుతుంది.

మీ బెల్లాన్ని కటకంలో ఒక వర్తకుడు కొన్నాడనుకోండి. అతను పంపిన డబ్బు రైలెక్కి రాదు. అతని బ్యాంకు అతని ఖాతాలో ఆ మొత్తం తగ్గిస్తుంది. రిజర్వు బ్యాంకులో ప్రతి బ్యాంకుకూ ఒక ఖాతా ఉంటుంది, మనకు బ్యాంకులో ఉన్నట్టే. అక్కడ కటకం బ్యాంకు పద్దులో తగ్గించి, అనకాపల్లి బ్యాంకు పద్దులో కలుపుతారు. ఆపైన ఇక్కడి కమీషను వ్యాపారి ఖాతాలోకి, అతని దగ్గర నుంచి మీ ఖాతాలోకి. ఇంత దూరం నడిచింది అంకెలే, ఒక్క నోటు కూడా కదలలేదు. పూర్వం ఇదే పని హుండీలతో జరిగేది. 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టాక బ్యాంకులన్నిటి లెక్కలూ తేల్చే పెద్ద పద్దుల పుస్తకం ఒకటి దేశానికి ఏర్పడింది.

మరి మీరు వేసిన నూరు రూపాయలు? 2025 నవంబరు చివర అమలైన లెక్క ప్రకారం అందులో 3 రూపాయలు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి. మరో 18 రూపాయల మేరకు ముఖ్యంగా ప్రభుత్వ పత్రాల్లో పెట్టాలి. మిగిలినదాన్ని ఆసరా చేసుకుని బ్యాంకు అప్పులిస్తుంది. చోడవరం వైపు రైతుకు ఎరువుల కోసం అప్పు ఇచ్చిందనుకోండి, ఆ సొమ్ము ఎరువుల కొట్టు యజమాని ఖాతాలో తేలి, అక్కడ మళ్లీ నిల్వ అవుతుంది. మీ నిల్వా మీ పుస్తకంలో అలాగే ఉంది, ఆయనదీ ఉంది. ఇది గారడీ కాదు. రెండో నిల్వ వెనుక ఆ రైతు బాకీ నిలబడి ఉంది. అతను తీర్చితేనే లెక్క నిలుస్తుంది.

అందరూ ఒక్కరోజే వచ్చి సొమ్ము ఇమ్మంటే ఎంత మంచి బ్యాంకైనా తడబడుతుంది. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడ్డాకే నిల్వలకు బీమా అనే మాట గట్టిగా వచ్చి, 1962 జనవరిలో అమలైంది. మొదట ఒక్కొక్కరికి 1,500 రూపాయల వరకే. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక బ్యాంకులో ఒక మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షల దాకా. సహకార బ్యాంకులకూ ఇది ఉంది. అయితే ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో వేసిన నిల్వకు ఈ బీమా లేదు. చీటీలకూ లేదు. సంఘాలు చెడ్డవని నేను అనడం లేదు, తేడా తెలిసి వేయండి అంటున్నాను.

ఇప్పుడొక్కసారి విశాఖ రేవుకు వెళ్దాం. 1933లో తెరిచిన రేవు అది. ఉక్కు కర్మాగారానికి బొగ్గు, 1967లో మొదలైన కోరమండల్ ఎరువుల కర్మాగారానికి రాక్ ఫాస్ఫేటు ఓడల్లో దిగుతాయి. సముద్రం అవతలి అమ్మకందారుకు ఇక్కడి కొనుగోలుదారు ముఖమైనా తెలియదు. సరుకు ముందు పంపితే డబ్బు రాదేమోనని ఆయన భయం, డబ్బు ముందు పంపితే సరుకు రాదేమోనని ఈయన భయం. సంతలో ఎద్దుల బేరానికి మధ్యన పెద్దమనిషి కూర్చున్నట్టు, ఇక్కడ బ్యాంకు కూర్చుంటుంది. "సరుకు ఓడ కెక్కించిన రసీదు, తక్కిన కాగితాలు సక్రమంగా చూపితే డబ్బు మాది పూచీ" అని కొనుగోలుదారు బ్యాంకు ఒక ఉత్తరం రాసి ఇస్తుంది. దాన్ని లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటారు. బ్యాంకు చూసేది కాగితాలే, బస్తా విప్పి చూడదు. ఒక్క అక్షరం తేడా వచ్చినా చెల్లింపు ఆగిపోవచ్చు. మీ చేలో చల్లే ఎరువు వెనుక ఇంత తతంగం ఉంది.

ఇక మన అప్పు సంగతి. 1951-52లో దేశమంతటా జరిపిన గ్రామీణ రుణ పరిశీలనలో, రైతు తెచ్చుకున్న నూరు రూపాయల అప్పులో ప్రభుత్వం, సహకార సంఘాలు, బ్యాంకులు అన్నీ కలిసి ఇచ్చినది ఏడు రూపాయల పైచిలుకు. వాణిజ్య బ్యాంకులది అందులో రూపాయి కూడా లేదు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అటువంటి బ్యాంకులున్నా పల్లెకు అవి దూరమే. 1969 జూలై 19న 14 బ్యాంకులను, 1980లో ఆంధ్రా బ్యాంకుతో సహా మరి ఆరింటిని జాతీయం చేశాక గాని పంట రుణం మన గుమ్మంలోకి రాలేదు. (ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత పుస్తకాలున్నవారు కంగారుపడనక్కర్లేదు, ఖాతాలన్నీ అక్కడికే వెళ్లాయి.)

2025-26 లెక్కన మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా తీర్చితే 3 శాతం తగ్గి 4 అవుతుంది. లక్షకు ఏడాదికి నాలుగు వేలన్నమాట. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తే అదే లక్షకు ఇరవైనాలుగు వేలు.

నేను చాలాకాలం పంట రుణాల పని చూశాను. ఒక చెరకు రైతు బెల్లం అమ్మిన సొమ్ము వ్యాపారి దగ్గరే ఉంచాడు, అవసరమైతే అడగొచ్చులే అని. బ్యాంకు గడువు వచ్చింది. అడిగితే వ్యాపారి "వచ్చే వారం" అన్నాడు. మా రైతు నాలుగు రోజులకని లక్ష చేబదులు తెచ్చి, రెండు వేలు వడ్డీ ఒప్పుకున్నాడు. తీరా బ్యాంకుకు వచ్చేసరికి గడువు దాటి మూడు రోజులు. లక్షకు మూడు వేల రాయితీ పోయింది, రెండు వేలు అదనం. ఐదు వేలు ఊరికే పోయాయి. తప్పు నాదీ ఉంది. గడువు తేదీ అతనికి నోటితో చెప్పానేగాని రాసివ్వలేదు.

కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతాలో ఏ రోజున ఎంత బాకీ ఉందో దాని మీదే వడ్డీ నడుస్తుంది. అంచేత దిమ్మలు అమ్మిన ప్రతిసారీ వచ్చినదాన్ని వచ్చినట్టు ఆ ఖాతాలో జమ చేస్తుంటే, గడువునాటికి పరుగులుండవు. కావలసినప్పుడు హద్దులోపల మళ్లీ తీసుకోవచ్చు.

ఈసారి బ్యాంకుకు వెళ్లినప్పుడు, అప్పు ఇచ్చిన తేదీ, తీర్చవలసిన తేదీ పాస్‌బుక్కు అట్ట లోపలివైపు రాయించుకోండి. ఖాళీ కాగితం మీద సంతకంగాని, వేలిముద్రగాని పెట్టకండి. మీ పేరున మరొకరు అప్పు తెచ్చుకుంటామంటే, బాకీ రాసేది మీ పద్దులోనే. వ్యాపారి దగ్గర నిలవున్న సొమ్ముకు చీటీ ఉన్నదా లేదా, ఈ రాత్రి ఇంట్లో వెతికి చూసుకోండి.