మత్తు మాన్పించేవారు అలసిపోతే



మత్తుకు బానిసలైనవారి గురించి మీరు చాలా ప్రసంగాలు విన్నారు. ఈరోజు వారి మంచం పక్కన కూర్చునే కౌన్సెలర్లు, నర్సులు, వార్డు సిబ్బంది గురించి నాలుగు మాటలు చెబుతాం. మేమూ అందులోని వాళ్లమే కాబట్టి కాస్త మొహమాటంగానే ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2019లో వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారం మద్యం సమస్యకు సాయం అవసరమైనవారు మన దేశంలో సుమారు 5.7 కోట్ల మంది. మద్యానికి పూర్తిగా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆ ఒక్కరిని చూసే సిబ్బంది ఎంత కొద్దిమందో మీరే ఊహించండి.

'బర్నౌట్' అనే మాట ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల నోట ఎక్కువగా వింటున్నాం. నిజానికి అది మా పని దగ్గర పుట్టిన మాట. న్యూయార్క్‌లో మాదకద్రవ్యాల బాధితులు వచ్చే ఒక ఉచిత క్లినిక్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు స్వచ్ఛందంగా పనిచేసేవారు. తోటి సేవకులు నెలల తరబడి పనిచేసి లోపల ఖాళీ అయిపోవడం చూసి 1974లో దాని గురించి రాశారు. మనసు పెట్టి పనిచేసేవారే ముందుగా ఇలా అయిపోతారని ఆయన గమనించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, పనిచోట తగ్గని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా గుర్తించింది.

ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో చెబుతాం. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి చలిస్తుంది, లేనివి కనిపిస్తాయి. ఆ రాత్రులు కునుకు తీయడం కుదరదు. రంజాన్ వస్తోంది, ఈసారి మానేస్తానని వచ్చేవారిని చూస్తే మాకెంతో సంతోషం. (ఇలాంటివారు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇంట్లోనే ఆపేయడం ప్రాణానికే ప్రమాదం, దయచేసి నలుగురికీ చెప్పండి.) అయితే అదే నెలలో సిబ్బందిలో సగం మంది రోజా ఉండి, సహరీ దాకా డ్యూటీ చేస్తుంటారు.

అంతకన్నా బరువైనది, మానేసినవారు మళ్లీ మొదలుపెట్టడం. చికిత్స పొందినవారిలో నూటికి 40 నుంచి 60 మంది ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వాడతారని నిపుణుల అంచనా. బీపీ, ఆస్తమా తిరగబెట్టడం కూడా దాదాపు ఇంతే. బీపీ పెరిగితే ఎవరూ డాక్టరును నిలదీయరు. మా దగ్గర మాత్రం ఇంటివాళ్లు వచ్చి, "మూడు నెలలు ఉంచుకొని మీరేం చేశారు?" అని అడుగుతారు. వారి బాధ వారిది. ఆ మాట పదిసార్లు విన్న కౌన్సెలర్ పదకొండో మనిషి నోరు తెరవకముందే "వీడు మారడు" అనుకోవడం మొదలుపెడతాడు. బర్నౌట్ అంటే అసలు ఇదే. నష్టం ఆ పదకొండో మనిషికి.

కౌన్సెలర్ రాజీనామా చేస్తే ఇంకో చిక్కు. తన తప్పులన్నీ అతికష్టం మీద ఒకరికి చెప్పుకున్న రోగి, కొత్తగా వచ్చినవారికి మళ్లీ మొదటి నుంచి చెప్పడు. చాలామంది చికిత్సే వదిలేస్తారు. తాగుడు మాని, కోలుకొని కౌన్సెలర్లు అయినవారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రోగులు వారి మాటే ముందు నమ్ముతారు. వారు అలసిపోతే పాత అలవాటు తలుపు తడుతుంది. డ్యూటీ పేరు చెప్పి వారి వారపు సమావేశాన్ని మాన్పించకూడదు.

పొద్దున్నే నడవండి, బాగా నిద్రపోండి అని మాకు సలహా ఇచ్చేవారు చాలామంది. మంచి సలహాలే. కానీ రాత్రంతా మేలుకొన్న మనిషిని మర్నాడు కూడా పనికి పిలిస్తే ఎప్పుడు నడుస్తాడు, ఎప్పుడు నిద్రపోతాడు? ఒక్కొక్కరికి అప్పగించే కేసులకు హద్దు ఉండాలి. కష్టమైన కేసుల గురించి వారానికోసారి సీనియర్ దగ్గర కూర్చొని మాట్లాడుకోవాలి. రోగి చనిపోతే ఆ వారమే సిబ్బందిని కూర్చోబెట్టి వారి మాట వినాలి. రాత్రి ఫోన్లు సొంత నంబరుకు రాకూడదు. ఇంటివాళ్లకు మేం జాతీయ హెల్ప్‌లైన్ 14446 రాసిస్తున్నాం. వీటన్నిటికీ కావలసింది ఇంకొక మనిషి.

దాతలను అడగవలసింది కూడా అదే. మంచం ఇస్తే దాని మీద మీ మర్హూమ్ అబ్బాజాన్ పేరు రాయించవచ్చు. వాటర్ ఫిల్టర్ మీదా రాయించవచ్చు. సెలవులో ఉన్న కౌన్సెలర్ స్థానంలో పనిచేసే మనిషి జీతం మీద ఏ పేరూ రాయలేం. అందుకే దానికి దాతలు దొరకరు. ఇది జకాత్ కిందికి వస్తుందో లేదో ఉలమాలను అడగండి. సదఖాగా ఇస్తే మాత్రం కాదనం.

ఆ మనిషి దొరికితే రంజాన్‌కు ముందు మా వాళ్లందరికీ వంతులవారీగా వారం సెలవు ఇవ్వాలని అనుకుంటున్నాం. ఎవరిది ఏ వారమో కాగితం మీద రాసి ఆఫీసు గోడకు అంటిస్తాం. ఎప్పుడైనా వచ్చి చూడండి.