తుఫాను కడలిలో కెమెరా



కల్లోల సముద్రమున ఊగులాడు పడవ బొమ్మను చూచి మెచ్చుట సులభము; ఆ క్షణమును పట్టుట సులభము కాదు. కెరటము కదలును, పడవ కదలును, కెమెరా పట్టినవాని కాళ్ళక్రింది పలకయు కదలును. ఉప్పునీటి తుంపరలు అద్దమును కప్పివేయును. మబ్బు మూసిన వెలుతురు చాలదని షట్టరును ఎక్కువసేపు తెరచినచో బొమ్మ మసకబారును. ఎత్తునుండి తీసినచో కొండంత అలయు చదునుగ కన్పట్టును. దాని పరిమాణము తెలియవలెనన్న చెంత నొక పడవ ఉండవలెను. పడవయే అలకు కొలబద్ద.

ఈ చిక్కులను మానవుడు పలువిధముల జయింపజూచెను. 1856, 57 సంవత్సరములలో ఫ్రెంచివాడైన గుస్తావ్ లె గ్రే సముద్రచిత్రములు తీసెను. ఆనాటి రసాయనపు పూతపై సముద్రము చక్కగ పడినచో ఆకాశము వెలవెలబోయెడిది. అందుచే అతడు కొన్నింటికి సముద్రమును, మేఘములను వేరువేరు పలకలపై తీసి ఒకే కాగితముపై ముద్రించెను. తరువాత ఇంగ్లండులోని కౌస్ పట్టణమున ఫ్రాంక్ బీకెన్ అను మందుల వర్తకుడు, రబ్బరు బంతిని పంట కొరికినంతనే షట్టరు పడు కెమెరాను కల్పించుకొనెను. రెండు చేతులును కెమెరాను అదిమిపట్టుటకు మిగిలినవి! 1929లో అర్వింగ్ జాన్సన్ అను అమెరికా యువకుడు నాలుగు కొయ్యల పెకింగ్ ఓడలో హారన్ అగ్రమును చుట్టిపోవుచు, తుఫానులో కొయ్యనెక్కి చలనచిత్రము తీసెను.

అయినను అన్నింటికంటె ఆలోచింపదగినది ఫ్రాంక్ హర్లీ కథ. షాకల్టన్ దక్షిణధ్రువ యాత్రకు అతడు ఛాయాగ్రాహకుడు. ఎండ్యూరెన్స్ ఓడ మంచు నడుమ నలిగి 1915 నవంబరులో మునిగెను. బరువు మోయలేక హర్లీ సుమారు 120 గాజుపలకలను ఏరుకొని, దాదాపు 400 పలకలను పగులగొట్టెను. చేత మిగిలినవి చిన్న కొడాక్ కెమెరాయు, మూడు ఫిలిము చుట్టలును.

1916 ఏప్రిల్ 24న ఎలిఫెంట్ దీవినుండి షాకల్టన్‌తో ఆర్గురు 'జేమ్స్ కెయిర్డ్' అను చిన్న పడవలో సాయము కొరకు బయలుదేరిరి. ఇరువదిరెండుగురు ఒడ్డున నిలిచిరి. పదునారు దినములు, సుమారు 800 నాటికల్ మైళ్ళు, భయంకరమైన తుఫానులు! పడవ చరిత్రలో అంతటి ప్రయాణము అరుదు. కాని నడిసముద్రమున దాని ఛాయాచిత్ర మొక్కటియు లేదు. హర్లీ దీవిలోనే ఉండెను. పడవలోని వారికి చుక్కాని పట్టుటకు, నీరు తోడుటకు, పేరుకొన్న మంచును చెక్కుటకు చేతులు చాలలేదు.

ఆగస్టు 30న దీవిలోనివారికి రక్షణ లభించెను. అటుపిమ్మట, పడవ బయలుదేరిన నాటి చిత్రమునే దిద్ది, రక్షణదృశ్యమని లోకమునకు చూపిరి. లె గ్రే మేఘములను అతికినప్పుడు మారినది ఆకాశము మాత్రమే. ఇచ్చట మారినది మనుష్యుల గాథ. రక్షణదృశ్యమన్నచో చేతులెత్తినవారు ఆనందించుచున్నారు. నిజమునకు వారు తిరిగివచ్చునో రాదో తెలియని పడవకు వీడ్కోలు చెప్పుచుండిరి. పిదప నాలుగు మాసములకు పైగ ఎదురుచూచిరి. నిజమైన చిత్రమే గొప్పది. అబద్ధము దాని ధైర్యమును హరించినది.

తేదీ దిద్దిన కాగితము ఎంత ముచ్చటైన దస్తూరిలోనున్నను దస్త్రమున సాక్ష్యముగ చెల్లదను సంగతి ఉద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు. తుఫానుచిత్రమును సాక్ష్యమే. కావున కడలిపై కెమెరా పట్టువారికి ధర్మములు రెండు. పడవకు చేయి కావలసినప్పుడు కెమెరాను క్రింద పెట్టవలెను. బొమ్మ చేజిక్కినప్పుడు దాని వెనుక తేదీని, స్థలమును, జరిగినదానిని జరిగినట్లు వ్రాయవలెను. అప్పుడే ఒడ్డున కూర్చుండి చూచువారు ఆ ప్రాణముల విలువను సరిగా గ్రహింపగలరు.