నింద యను రెండవ వ్యాధి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము ఊరికి చేసిన మేలు పుస్తకముల సంఖ్యతో తేలునది కాదు. విన్నమాటకును, తెలిసికొన్న మాటకును గల భేదమును అది నేర్పినది. ఆ భేదము తెలియనిచో ఎంత కీడు మూడునో చూపుటకు హెచ్.ఐ.వి. సోకినవారి పట్ల లోకము నడచుకొన్న తీరే చాలును. కావున ఈ ఉత్సవవేళ ఆ విషయమును ముచ్చటించుట అసందర్భము కాజాలదు.

ఎయిడ్స్ అను వ్యాధిని 1981లో అమెరికా వైద్యులు తొలుత గుర్తించిరి. 1983లో పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు దానికి మూలమైన వైరస్‌ను కనుగొనిరి. మన దేశమున దాని ఉనికిని 1986లో బయటపెట్టినవారు మదరాసు వైద్యకళాశాల ఆచార్యులు డాక్టరు సునీతి సాలమన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల. తరువాతి కాలమున, వ్యాప్తి అధికముగా గల రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటిగా ఎంచబడినది.

వైరస్ కంటె వేగముగా మరియొకటి వ్యాపించెను. అదియే నింద. మొదటిది రక్తమున ప్రవేశించును. రెండవది చెవులద్వారా ప్రవేశించి నాలుకమీదుగా వెడలును. మొదటిదానికి సోకు మార్గములు కొన్నియే: రక్షణలేని లైంగిక సంపర్కము, సోకిన రక్తము, ఒకరు వాడిన సూది మరియొకరు వాడుట, తల్లినుండి బిడ్డకు. చేయి పట్టుకొన్నను, ఒకే పంక్తిని భుజించినను, ఒకే బావినీరు త్రాగినను, దోమ కుట్టినను అది సోకదు. రెండవదానికి మాత్రము ఇట్టి నియమమేమియు లేదు. ఒక్క గుసగుస చాలును.

ఈ నింద పెరుగుటలో ప్రచారమునకును కొంత పాలు కలదని ఒప్పుకొనక తప్పదు. 1987లో ఆస్ట్రేలియా దేశపు టెలివిజనులో ఒక ప్రకటన వచ్చెను. అందు మృత్యుదేవత పెద్ద బంతిని దొర్లించి స్త్రీలను, శిశువులను ఆటబొమ్మలవలె పడగొట్టును. జనులు మిక్కిలి భయపడిరి. కాని పెక్కురు వ్యాధికి గాక వ్యాధిగ్రస్తులకు భయపడిరి. మన గోడలమీదను తొలినాళ్లలో పుర్రెబొమ్మలు వెలసినవి. “మందులేని మాయరోగము” అను మాట ఊరూర నిలిచిపోయినది. ఉద్దేశము మంచిదే. కాని భయపెట్టిన మాట మనిషిని పరీక్షకు పంపదు, తలుపు మూసికొనజేయును.

అదే 1987లో లండను నగరమున మరియొక దృశ్యము కనబడెను. ఎయిడ్స్ రోగులకొరకు ఏర్పరచిన వార్డును ప్రారంభింపవచ్చిన రాజవధువు డయానా చేతితొడుగు లేకయే ఒక రోగితో కరచాలనము చేసెను. ఆ చిత్రము పత్రికలలో లోకమంతటను ప్రకటితమయ్యెను. స్పర్శవలన సోకదని వేయి కరపత్రములు చెప్పలేనిది ఒక చేయి చెప్పినది. ప్రజారోగ్య ప్రచారమునకు ఇంతకు మించిన పాఠము లేదు.

ఈనాడు చెప్పవలసిన మాట మారినది. సమూలముగా నిర్మూలించు ఔషధము ఇంకను అందరికిని అందుబాటులోనికి రాలేదు. అదుపున నుంచు ఔషధము మాత్రము కలదు. మన ప్రభుత్వము దానిని 2004 ఏప్రిల్ 1 నుండి ఉచితముగా ఇచ్చుచున్నది. క్రమము తప్పక సేవించినవారు తమ పనులు చేసికొనుచు చిరకాలము జీవించుచున్నారు. రక్తమున వైరస్ కనుగొనరానంతగా తగ్గి అట్లే నిలిచినచో సంపర్కముద్వారా అది ఇతరులకు సోకదు. చికిత్సలేనిచో నూరుగురు తల్లులలో 15 మొదలు 45 మందివరకు బిడ్డలకు సోకవచ్చును. సరియైన చికిత్స ఉన్నచో అది 5 మందికి లోపునకు దిగును.

ఔషధమున్నను ఆ ఔషధమువరకు పోనీయనిది నింద. ఒక ఇల్లాలిని తలచుకొనుడు. భర్త పోయినాడు. మాత్రలు తెచ్చుకొనుటకు దగ్గరి ఆసుపత్రికి పోక, తెలిసినవారు కనబడని దూరపు పట్టణమునకు బస్సెక్కును. ఆనాటి కూలి పోవును. సీసామీది కాగితమును చింపి మాత్రలను పసుపుడబ్బాలో దాచును. పెండ్లియింట ఆమెకు వేరుగా గ్లాసు పెట్టిన దినమున, మరుసటి నెల ఆ బస్సు ఎక్కుటయే మానును. అప్పుడామెను చంపినది వైరసా, గ్లాసా?

గ్రామలెక్కలు వ్రాయువారికి తెలిసిన సత్యమొకటి కలదు. చిట్టాకెక్కిన అప్పు ఏనాటికైనను తీరును. దాచిన అప్పు వడ్డీతో పెరిగి ఇల్లు ముంచును. నిందకు వెరచి పరీక్ష చేయించుకొనని వ్యాధి దాచిన అప్పువంటిది. దాచుకొన్నవానిని దూషించుట కంటె, దాచుకొనవలసిన గతి పట్టించిన ఊరు తన్ను తాను ప్రశ్నించుకొనుట న్యాయము.

భాగవతము నవమస్కంధమున రంతిదేవుని కథ కలదు. నలువదియెనిమిది దినములు ఉపవసించిన ఆ రాజు, దొరికిన అన్నమును వచ్చినవారికి పెట్టి, తుదకు మిగిలిన నీటిని లోకము అంటరానివాడన్న దాహార్తునకు ఇచ్చెను. ఇచ్చుటకు ముందు “నీకీ గతి యేల పట్టెను?” అని యడుగలేదు. పురాణము విని తలయూపు మనమును అడుగరాదు. వ్యాధి ఎట్లు వచ్చెనను విచారణ పొరుగువారి పని కాదు.

ధర్మము చెప్పినదానిని చట్టమును చెప్పినది. 2017లో పార్లమెంటు చేసిన శాసనము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చెను. హెచ్.ఐ.వి. ఉన్నదని పనినుండి తొలగించుట, బడిలో చేర్చుకొనకపోవుట, వైద్యము నిరాకరించుట, అద్దెయిల్లు ఇయ్యకుండుట దాని ప్రకారము తగని వివక్షలు. సమ్మతిలేక పరీక్ష చేయరాదు. ఒకరి రహస్యమును వెల్లడింపరాదు.

ఈ గ్రంథాలయము చేయదగిన పని పెద్దది కాదు, కష్టమును కాదు. ప్రభుత్వ కేంద్రములలో పరీక్ష ఉచితమనియు, 1097 సంఖ్యకు ఫోను చేసినచో సలహా లభించుననియు బోర్డుమీద వ్రాసియుంచవచ్చును. పుర్రెబొమ్మ వలదు. ఎవరి పేరును వలదు. సాయంకాలము పత్రిక చదువువేళ సందేహము వచ్చినవారికి తెలిసిన సంగతి నెమ్మదిగా చెప్పిన చాలును. తలుపు తీసియున్న పఠనమందిరమున, అందరు కూర్చుండు బల్లవద్దనే, వారికిని చోటుండవలెను.

రాబోవు స్వర్ణోత్సవమునాటికి ఈ ఊరిలో ఎవ్వరును పసుపుడబ్బాలో మాత్రలు దాచుకొనవలసిన అగత్యము లేకుండుగాక.