ఆ ఈమెయిల్ నాకూ వచ్చింది

(యూనివర్సిటీ హాస్టల్‌లో కొత్తగా చేరిన విద్యార్థుల సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పరిశోధన గురించి మాట్లాడమన్నారు. అది ఇంకోరోజు చెప్తాను. ఈరోజు ఒక ఈమెయిల్ గురించి చెప్పాలి.

పోయిన నెల మన హాస్టల్‌లో ఒక చెల్లి నాలుగు రోజులు మెస్‌కి రాలేదు. జ్వరమేమో అనుకున్నాం. ఐదోరోజు రాత్రి నా గదికొచ్చి, గడియ పెట్టి, ఫోన్ నా చేతిలో పెట్టింది. చదవగానే గుర్తుపట్టాను. మూడేళ్ళ కిందట దాదాపు అదే ఉత్తరం నాకూ వచ్చింది. తన పేరు చెప్పకుండా ఈ సంగతి అందరికీ చెప్పమని ఆ చెల్లే అడిగింది.

నాకు వచ్చినదాంట్లో మొదటి లైన్లోనే నా పాస్‌వర్డ్ ఉంది. మా ఊరి పేరు, పక్కన నేను పది పాసైన సంవత్సరం. "నీ కంప్యూటర్‌లోకి చొరబడ్డాను, నువ్వు అశ్లీల వీడియోలు చూస్తుంటే నీ కెమెరాతోనే రికార్డు చేశాను, 48 గంటల్లో 900 డాలర్ల బిట్‌కాయిన్ పంపకపోతే నీ వాళ్ళందరికీ వీడియో వెళ్తుంది" అన్నది సారాంశం. లెక్కేస్తే 70 వేలు దాటింది. ఫెలోషిప్ వచ్చి అప్పటికి ఐదు నెలలు.

నేనేం చూశాను, ఏం చూడలేదు అన్న ఆలోచనే రాలేదు. మా నాన్న గుర్తొచ్చాడు. "ఆడపిల్లని అంతదూరం పంపుతావా" అని ఆయన్ని అడిగినవాళ్ళు గుర్తొచ్చారు. అప్పు కోసం స్నేహితురాలికి మెసేజ్ టైప్ చేసి, పంపలేక చెరిపేశాను. తెల్లారాక ఒక సీనియర్ అన్నకి చూపించాను. ఆయన ఒక్కటే అడిగాడు: "ఈ పాస్‌వర్డ్ ఎక్కడ వాడావమ్మా?" ఇంటర్‌లో ఉండగా ఒక మాక్ టెస్టుల సైట్లో వాడాను. అక్కడితో ముడి విడిపోయింది.

జరిగేది ఇది. ఏదో ఒక సైట్ నుంచి దొంగలు ఖాతాల వివరాలు ఎత్తుకుపోతారు, అమ్ముకుంటారు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి పోయినవి 2016లో అమ్మకానికొచ్చాయి. 11 కోట్లకు పైగా ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలు. అలాంటి జాబితా కొన్నవాడు ఒకే ఉత్తరాన్ని లక్షలమందికి పంపుతాడు. పేరు, పాస్‌వర్డ్ మాత్రం మారతాయి. వెయ్యిమందిలో ఒక్కరు భయపడినా వాడికి లాభమే. 2018 నుంచి ఈ పాస్‌వర్డ్ ఉత్తరాలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి.

కొన్నిసార్లు ఉత్తరం మీ సొంత అడ్రస్ నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. ఇన్‌ల్యాండ్ లెటర్ మీద పంపినవారి చోట ఎవరి పేరైనా రాయొచ్చు కదా, ఇదీ అంతే. చెల్లికి వచ్చినదాంట్లో "నీ ల్యాప్‌టాప్ కెమెరా" అని ఉంది. ఆ అమ్మాయికి ల్యాప్‌టాప్ లేదు! నాలుగు రోజుల భయంలో ఆ మాట గమనించనే లేదు.

మనలో కొందరికి ఇంకో భయం ఉంటుంది. పెగసస్ పేరు విన్నాం, భీమా కోరేగావ్ కేసు చూశాం. ఇప్పుడు ఈ దొంగలు కూడా ఉత్తరాల్లో పెగసస్ పేరే వాడుకుంటున్నారు. రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి 2016లో ఒక ఈమెయిల్ ద్వారా చొరబడి, తర్వాత ఫైళ్ళు పెట్టారని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. అక్కడ ఎవరూ ఉత్తరం రాసి "చొరబడ్డాను" అని చెప్పుకోలేదు. నిజంగా లోపలున్నవాడు చప్పుడు చేయడు. అందుకే బెదిరింపు కన్నా, తెలియని అటాచ్‌మెంట్ దగ్గర ఎక్కువ జాగ్రత్తపడండి.

మూడో రకం పోలీసు ముద్రతో వచ్చేది. పిల్లల అశ్లీల వీడియోలు చూశావు, 24 గంటల్లో జవాబివ్వు, లేకపోతే అరెస్ట్ అంటుంది. పోలీసులు ఈమెయిల్లో కేసు పెట్టి డబ్బుతో మాఫీ చేయరు. "డిజిటల్ అరెస్ట్" అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు.

ఇలాంటిది వస్తే ఏం చేయాలి? జవాబు ఇవ్వొద్దు. ఇస్తే ఆ అడ్రస్ పనిచేస్తోందని వాడికి తెలుస్తుంది. డబ్బు కట్టొద్దు. బిట్‌కాయిన్ ఒకసారి పంపితే వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు, కట్టినవాళ్ళనే మళ్ళీ అడుగుతారు. లింకులు, అటాచ్‌మెంట్లు తెరవొద్దు. స్క్రీన్‌షాట్ తీసుకుని స్పామ్‌లో పడేయండి. ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా ఉంటే ఈరోజే మార్చండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. 2013 నుంచి నడుస్తున్న "హ్యావ్ ఐ బీన్ ప్వన్డ్" అనే సైట్లో మీ ఈమెయిల్ ఏయే దొంగతనాల్లో పోయిందో ఉచితంగా చూసుకోవచ్చు.

కానీ అన్నీ ఉత్తుత్తివే అనుకోవద్దు. బెదిరించేవాడు మీ అసలు ఫొటోనో వీడియోనో పంపితే, తెలిసినవాడైతే, వీడియోకాల్లో రికార్డు చేసి ఉంటే, అది వేరే సంగతి. అప్పుడు కూడా కట్టొద్దు. చాట్, ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ ఏదీ చెరపొద్దు. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్ళ మీద, పిల్లల మీద జరిగే నేరాలకి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308 కింద నేరం, ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైట్ మీ ఫొటోని తీసుకోకుండానే, దాని డిజిటల్ గుర్తుతో, తనతో కలిసి పనిచేసే వేదికల మీద అది పాకకుండా ఆపడానికి సాయపడుతుంది. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకి టేక్ ఇట్ డౌన్ ఉంది.

స్టేషన్ మెట్లెక్కాలంటే మనవాళ్ళకి ఎందుకు భయమో నాకు తెలుసు. ముందు పేరు, తర్వాత ఊరు, తర్వాత పేట అడుగుతారు. ఆడపిల్లయితే తప్పు ఎవరిదో కూడా వాళ్ళే తేల్చేస్తారు. అందుకే ఒంటరిగా వెళ్ళొద్దు. నలుగురం వస్తాం. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇద్దాం, రసీదు తీసుకుందాం.

ఆ దొంగకి మన ఊరు తెలియదు, మన నాన్న తెలియదు. మనం ఎవరికీ చెప్పుకోలేమన్న నమ్మకం మీదే వాడు బతుకుతున్నాడు. ఆ చెల్లి నాలుగు రోజులు తిండి మానేసింది ఒక కాపీ ఉత్తరం కోసం. మొదటి రోజే మనలో ఎవరో ఒకరం తలుపు కొట్టి ఉంటే, అది ఒక్క పూటతో పోయేది.

అందుకని మీ అందరినీ ఒకటే అడుగుతున్నాను. పక్క గదివాళ్ళు రెండు పూటలు మెస్‌కి రాకపోతే వెళ్ళి తలుపు కొట్టండి. నా గది నంబరు నోటీసు బోర్డు మీద రాశాను. అర్ధరాత్రయినా లేపండి.

జై భీమ్.